అమ్మ వేలికి అంగుస్తానా

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చెల్లి ఒక చిన్న బొంత తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అన్నా, తిరగేసి చూడు," అంది.

తనకప్పుడు ఏడో నెల. కాన్పుకి పుట్టింటికొచ్చింది. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ కుడుతున్న బొంతల్లో అది మూడోది. పైన అమ్మ పాత నూలుచీర, అడుగున నాన్న తెల్ల పంచె, మధ్యలో ఇంకో రెండు పొరలు. తిరగేశాను. పంచె మీద కుట్టు పక్కనే చుక్కలున్నాయి. ఆవగింజంత ఉంటాయేమో. కొన్ని ఎర్రగా, కొన్ని అప్పటికే గోధుమరంగుకి తిరిగి. జానెడు దూరంలో నాలుగైదు.

"ఏందమ్మా ఇవి?"

"కుంకుమేమోరా. చేతికుంటే అంటుకోనుంటది," వంటింట్లోంచే చెప్పింది అమ్మ.

కుంకుమ అయితే కుట్టు వెంబడి వరసగా ఎందుకు నడుస్తుంది? చెల్లి అమ్మని పిలిచి, ఎడమచెయ్యి తిప్పి నాకు చూపించింది. చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద సూది పొడిచిన గుర్తులు. పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. ఒకటి ఇంకా తడిగానే ఉంది.

"నొప్పి లేదా అమ్మా?"

"నొప్పెందుకుంటదిరా? నిన్నా మొన్నా పట్టిన సూదా ఇది? కాయలు కాసిన చెయ్యి."

ఆ జవాబు మాకు నచ్చింది. నాకైతే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వం గురించే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి నిద్రపట్టక, ఫోన్లో దసరాకి తీసిన ఫొటో వెతికాను. అమ్మ మిద్దె మీద బొంత పరుచుకుని కుడుతోంది. సాయంత్రం వెలుతురు బాగా పడింది. దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి కింద నాలుగు వాక్యాలు రాశాను. అమ్మ చేతులు, పాత చీరలు, జ్ఞాపకాల పొరలు, ఆ తరహా వాక్యాలు. రెండొందల పైన లైకులొచ్చాయి. ఇప్పుడు అదే ఫొటోని పెద్దది చేసి చూస్తే, మడత తిరిగిన అంచు మీద చుక్కలు కనిపించాయి. అంటే మూడు నెలల ముందు నుంచీ ఉన్నాయి. ఫొటో తీసిందీ నేనే, దాన్ని పదిసార్లు చూసుకుందీ నేనే.

*

శ్రీశైలం రోడ్డు మీద తిరిగినవాళ్ళకి పెద్దదోర్నాల తెలిసే ఉంటుంది. మార్కాపురం, ఆత్మకూరు, యర్రగొండపాలెం వైపుల నుంచి వచ్చే రోడ్లు అక్కడ కలుస్తాయి. అక్కణ్ణించి నల్లమల ఎక్కితే యాభై కిలోమీటర్లు, అటూ ఇటూగా, శ్రీశైలం. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 దాటితే ఫారెస్టువాళ్ళు గేటు వేసేస్తారు, మళ్ళీ పొద్దున 6కే తీసేది. హైదరాబాద్ నుంచి నేను ఘాట్ మీదుగా వెళ్ళాలంటే ఆ టైము చూసుకునే బయల్దేరాలి. అడవి అంచు కాబట్టి చలికాలం తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. నా చిన్నప్పుడు మా వీధిలో బొంత లేని ఇల్లు లేదు.

బొంతని 'క్విల్ట్' అని అనేస్తాం గానీ, మా బొంతలో మధ్యన దూది ఉండదు. అన్నీ పాతబట్టలే. చిరిగిన చీరలు, పంచెలు, లుంగీలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవడమే. కుట్టు కూడా ఏమంత సంగతి కాదు, పైకీ కిందికీ పోయే సాదా కుట్టు. బెంగాల్లో కాంథా, ఉత్తర కర్ణాటకలో కౌది, జపాన్‌లో సషికో, అన్నిటికీ మూలం ఆ కుట్టే. ఉన్న బట్ట పారేయలేని ఇళ్ళలో ఎక్కడైనా పుట్టే కుట్టు అది.

కానీ ఆ సాదా కుట్టులో రెండు చేతులు చేసే పనులు వేరు. ఇది నాకు ముప్ఫై నాలుగేళ్ళొచ్చేదాకా తెలియదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సూదిని పట్టుకుంటాయి. మధ్యవేలు వెనకనుంచి తోస్తుంది. నాలుగు పొరల్లో నాలుగైదు కుట్లు సూదికెక్కించి ఒక్కసారే తొయ్యాలంటే ఆ వేలి మీద బలం బాగానే పడుతుంది. సూది చెవివైపు మొద్దుగా కనిపిస్తుంది గానీ, గట్టిగా తోస్తే అదీ చర్మంలోకి దిగుతుంది.

ఎడమచెయ్యి బొంత కింద ఉంటుంది. సూది మొన అన్ని పొరలూ దాటిందో లేదో పైనుంచి కనపడదు. కింద ఉన్న వేలికి తగిలితేనే తెలుస్తుంది. తగిలీ తగలగానే వేలు ఆ మొనని పైకి తిప్పి పంపాలి. కాబట్టి కింది వేలు ముందుగా చెయ్యాల్సింది కబురు చెప్పడం. మొన దిగకముందే చెప్పాలి.

అమ్మ వేలు కబురు చెప్పడం మానేసిందని మాకు చుక్కలు చూశాక కూడా వెంటనే తట్టలేదు.

*

అమ్మకి షుగరొచ్చి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయంటోంది. ఒకసారి గుడి నుంచి వస్తూ, ఒక కాలి చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియకుండా బజారు దాకా నడిచొచ్చింది. అందరం పడీపడీ నవ్వాం, అమ్మా నవ్వింది. ఇంట్లో గ్లూకోమీటరుంది. ప్రతిసారీ అదే వేలు చాపి, "నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అని చెల్లికి ధైర్యం చెప్పేది. ఈ మూడూ మా ఇంట్లో మూడు వేరు వేరు జోకులుగా ఉండేవి. ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి చూసినవాళ్ళు లేరు.

పండగ వెళ్ళిన మర్నాడు మార్కాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఒక పిడికి బిగించిన నైలాన్ పోగు తీశారు. సరిగ్గా పది గ్రాముల బలం పడితే వంగేలా దాన్ని తయారుచేస్తారట. అమ్మని కళ్ళు మూసుకోమని, పోగుని అరికాలి మీద ఒక్కోచోట ఆనించి, "తగిలినప్పుడు చెప్పమ్మా," అన్నారు. పోగు వంగుతోంది, లేస్తోంది, ఇంకోచోట వంగుతోంది. అమ్మ మాట్లాడ్డం లేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని, కళ్ళు మూసుకుని, మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంది. నేను పక్కనే నిలబడి అన్నీ చూస్తున్నాను. తర్వాత వేళ్ళు చూశారు. అక్కడ అంత ఘోరంగా లేదు గానీ, కొసలు సగానికి సగం పోయాయి.

షుగరు దెబ్బ పొడవాటి నరాల మీద ముందు పడుతుందట. అందుకే పాదాల్లో మొదలై, పైకి పాకి, తర్వాత చేతివేళ్ళకొస్తుంది. స్పర్శ లేని వేలికి చిన్న పొడుపు కూడా చిన్నది కాదు. తెలియదు కాబట్టి చూసుకోరు, మానడమూ ఆలస్యమే, చీము పట్టాక గానీ దగ్గరికి రారు. డాక్టరుగారు ఇదంతా ఓపిగ్గా చెప్పి, "సూది పని మానేస్తే మంచిది," అన్నారు.

అమ్మ తలూపింది. బస్సులో దోర్నాల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం, "ఆ బొంతకి అంచు మిగిలుంది. అది కుట్టి మానేస్తాలే," అంది.

ఆ అంచు ఎప్పటికీ పూర్తవదని ఇద్దరికీ తెలుసు. నాన్న పోయిన ఈ నాలుగేళ్ళూ అమ్మ మధ్యాహ్నాలు బొంతల మీదే గడిచాయి. వీధిలో ఎవరింట్లో కాన్పున్నా పాత చీరల మూట మా ఇంటికొచ్చేది. డబ్బులు తీసుకునేది కాదు. కొందరు చింతపండిచ్చేవాళ్ళు, కొందరు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు. అమ్మకి ఆ రెండోదే కావాలి. మానెయ్యమని చెప్పడం ఎంతసేపు? మానేశాక ఆ మధ్యాహ్నాల్లో ఏం చెయ్యాలో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. ఆన్‌లైన్‌లో వెతికాను.

*

వెతకడానికి ముందు పేరు కావాలి. ఇంగ్లీషులో థింబుల్. అమ్మ ఎప్పుడూ వాడలేదు కాబట్టి ఆమె దగ్గర దానికి పేరు లేదు, 'వేలికి పెట్టుకునేది' అంతే. దర్జీలు అంగుస్తానా అంటారు. పారశీకంలో అంగుష్త్ అంటే వేలు, మన అంగుష్ఠానికి చుట్టం. ఇంగ్లీషు మాట కూడా 'థమ్' నుంచే వచ్చింది. పేర్లలో బొటనవేలుంది, తొడిగేది మాత్రం మధ్యవేలికి.

నాకు అప్పటిదాకా థింబుల్ పుస్తకాల్లోనే పరిచయం. 'పీటర్ పాన్'లో ముద్దంటే ఏంటో తెలియని పిల్లాడికి వెండీ ముద్దుకి బదులు ఇచ్చేది థింబుల్. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్'లో పరుగుపందెం అయ్యాక ఆలిస్ జేబులోని థింబుల్‌నే తీసుకుని, తిరిగి ఆమెకే బహుమతిగా ఇస్తారు. మోనోపలీ ఆటలో కూడా అదొక పావు, 2017లో జనం ఓటేసి దాన్ని కొన్నాళ్ళ పాటు తీసేశారు. ఇన్నిచోట్ల చూసి కూడా, అది ఎవరి వేలికి సరిపోతుంది, ఎంతసేపు పెట్టుకోవచ్చు అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

వృత్తిరోగం కొద్దీ స్ప్రెడ్‌షీట్ తెరిచాను. రకం, సైజు, ధర, రివ్యూలు. ఐదు రకాలు తెప్పించి, తర్వాతి వారం పట్టుకెళ్ళాను.

మొదటిది అందరికీ తెలిసిన స్టీలు టోపీ. పైనంతా చిన్నచిన్న గుంటలుంటాయి. అవి అలంకారం కాదు, సూది చెవి జారకుండా పట్టుకోవడానికి. 17వ శతాబ్దం చివర్లో జాన్ లాఫ్టింగ్ అనే డచ్చివాడు ఇంగ్లండులో వీటిని యంత్రంతో తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. గుంటలు లోతుగా లేకపోతే సూది జారి గోరు పక్కన దిగుతుంది. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే చవక అల్యూమినియంవాటితో గొడవ అదే, గుంటలు పైపైనే ఉంటాయి, లోహం మెత్తన.

రెండోది సిలికాన్ తొడుగు. మెత్తగా ఉంటుంది, సూదిని పట్టుకుని లాగడానికి బాగుంటుంది. కానీ గాలాడదు, కాసేపటికి లోపల చెమట. బొంతకి పెట్టే బలానికి సూది చెవి దాన్ని పొడుచుకుని పోతుంది కూడా. మూడోది తోలుది. కొన్నాళ్ళకి వేలి ఆకారానికి వచ్చేస్తుంది, సాగుతుంది కాబట్టి కొనేటప్పుడు కాస్త బిగుతుదే కొనాలి. నాలుగోది వేలికి అంటించుకునే చిన్న బిళ్ళ. మామూలువాళ్ళకి సరే గానీ, అమ్మ వేలి మీంచి దాన్ని ఊడదీసేటప్పుడు చర్మం లేచిపోతుందేమోనని నేనే పక్కన పెట్టేశాను. ఐదోది జపాన్‌వాళ్ళ యుబినుకి, ఉంగరంలా వేలి మధ్య కణుపుల దగ్గర పెట్టుకునేది. దానికి సూది పట్టే తీరే వేరు. నలభై ఏళ్ళు ఒకలా కుట్టిన చేతిని ఇప్పుడు మార్చమనడం అన్యాయం.

సైజుల గోల ఇంకోటి. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కాదు. కాగితం ముక్క వేలి చుట్టూ తిప్పి మిల్లీమీటర్లలో కొలుచుకోవడం మేలు. అదీ పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. చలికి వేలు సన్నబడుతుంది, ఎండకీ పనికీ ఉబ్బుతుంది. జనవరి పొద్దున సరిపోయింది ఏప్రిల్ మధ్యాహ్నం పట్టేస్తుంది.

ఒక్కోటీ తొడిగి అడిగాను. "బాగుందా అమ్మా?"

"బాగుంది."

"ఇది?"

"ఇదీ బాగుందిరా."

నా స్ప్రెడ్‌షీట్‌లో చివరి గడి పేరు 'సౌకర్యం'. ఐదింటికీ ఐదు మార్కులు పడ్డాయి. అమ్మది మొహమాటం అనుకున్నాను. కొడుకు డబ్బులు పెట్టి తెచ్చాడు, బాగాలేదని ఎట్లా అంటుంది?

తోలుది పెట్టుకుని గంటసేపు కుట్టింది. తీశాక చూస్తే మొదటి కణుపు దగ్గర ఎర్రగా లోతుగా గాడి పడి ఉంది, దారం కట్టి బిగించినట్టు. వేలి కొస నీలంగా ఉంది. అమ్మ దాన్ని వేరే ఎవరి వేలో చూస్తున్నట్టు చూసింది. "ఇంత బిగుతుగా ఉందా ఇది?" అని నన్నే అడిగింది.

అది మొహమాటం కాదు. నేను అడగకూడని వేలిని అడుగుతున్నాను. ఆఫీసులో ఇలాంటిది జరిగితే మాకు తెలుసు. ఒక సర్వర్ నుంచి ఎర్రర్లు రావడం ఆగిపోతే అంతా బాగుందని కాదు, ముందు లాగ్‌లు వస్తున్నాయో లేదో చూడాలి. రోజూ చేసే పనే. ఇంటికొచ్చేసరికి, నొప్పి లేదని అమ్మంటే సంతోషించాను.

*

ఆ రోజు స్ప్రెడ్‌షీట్‌లో ఆ గడి తీసేశాను. 'బాగుందా' అని అడగడం మానేసి, కంటితో చూసి తేల్చుకోవాల్సినవి రాసుకున్నాం. చెల్లి రాసింది, నేను చెప్పాను, అమ్మ సవరించింది.

తొడిగాక చెయ్యి కిందికి వేలాడేసి విదిలిస్తే పడిపోకూడదు. గోరు మీద నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకి వెంటనే ఎరుపు తిరిగి రావాలి. వేలి కొస లోపలి అడుక్కి దాదాపు తగలాలి గానీ ఒత్తుకోకూడదు. గోరు పెరిగితే ఆ లెక్క తప్పుతుంది, కాబట్టి గోళ్ళు తీసుకోవాలి. పది నిమిషాలకి తీసి చూస్తే గాడి ఉండకూడదు, లేత గుర్తున్నా కాసేపట్లో పోవాలి. 'పది నిమిషాలు' అన్నదాన్ని అమ్మ కొట్టేసింది. "గడియారం ఎవరు చూస్తారురా? సూదిలో దారం అయిపోయినప్పుడల్లా తీసి చూసుకుంటా." బారెడు దారం అయిపోవడానికి అమ్మకి పావుగంట లోపే పడుతుంది. నేను ఫోన్లో టైమర్ పెడదామనుకున్నాను. దారం దానికన్నా నయం.

ఇక కుడిచేతి సంగతి. టోపీలా మూసుకుపోయింది ఏది పెట్టినా అమ్మ సూది జారుతోంది. నాకు అర్థంకాక బస్టాండు దగ్గరి దర్జీ మామ దుకాణానికి వెళ్ళాం. చిన్నప్పుడు నా స్కూలు నిక్కర్లు కుట్టింది ఆయనే. అమ్మని ఒక గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వెయ్యమన్నాడు. చూసి, తన వేలి మీది అంగుస్తానా తీసి నా చేతిలో పెట్టాడు. పైన మూత లేదు, వట్టి కట్టు. ఒకపక్క గుంటలు బాగా అరిగిపోయాయి, రెండోపక్క కొత్తదానిలా ఉంది.

"చూడబ్బాయ్, మీ అమ్మ వేలి కొసతో తొయ్యదు, పక్కతో తోస్తది. మేమూ అంతే. కొసకి టోపీ పెడితే ఏం లాభం?"

నలభై ఏళ్ళుగా అమ్మ ఎట్లా కుడుతుందో ఆయన నాలుగు కుట్లలో చూశాడు. నేను ఫొటోలు తీశాను.

పైన తెరిచి ఉన్న ఆ రకానికి గోరు అడ్డం రాదు, గాలాడుతుంది. మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటి. వేలి కొస ఎప్పుడూ బయటే ఉంటుంది కాబట్టి రంగు మారితే కనిపిస్తుంది. మార్కాపురంలో టైలరింగ్ సామాన్ల షాపులో పెట్టెడు ముందేసుకుని, అమ్మ వేలికి ఒక్కోటీ తొడిగి, విదిలించి, నొక్కి చూసి స్టీలుది ఒకటి తీసుకున్నాం. ఇత్తడిది చెమటకి పచ్చగా అంటుకుంటుంది, అది వద్దంది అమ్మ. షాపతను మమ్మల్ని కాస్త విచిత్రంగా చూశాడు. ధర చెప్తే నవ్వుతారు, నేను కొరియర్‌కి కట్టిన దానికన్నా తక్కువ.

*

కుడిచెయ్యి కుదిరింది. కానీ రక్తం వచ్చేది ఎడమచేతి నుంచి కదా. సూది మొన దిగే చెయ్యి అది.

కింది వేలికి తోలుది పెట్టి చూశాం. పొడుపు ఆగింది. కానీ కుట్టు పాడైంది. మొన ఎక్కడ తగిలిందో అమ్మకి తెలియట్లేదు, తోలులోకి దిగి ఇరుక్కుంటోంది, కుట్టు బారు తప్పుతోంది. రెండు వరసలు కుట్టి విప్పేసింది. "వేలికి ఏం కాలేదు సరే, బొంత బొంతలా లేదు," అని సూది దిండులో గుచ్చేసి లేచిపోయింది. ఆ సాయంత్రం నిజంగానే మానేస్తుందనుకున్నాను. మానేస్తే బాగుండునని ఒక నిమిషం అనిపించింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం నేను వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో ఉన్నాను. వెనక గదిలోంచి 'టిక్' అని వినిపించింది. కాసేపాగి మళ్ళీ. తర్వాత వరసగా టిక్, టిక్, టిక్. వెళ్ళి చూస్తే అమ్మ బొంత పరుచుకుని కూర్చునుంది. కుడిచేతికి దర్జీ కట్టు. ఎడమచెయ్యి బొంత కింద ఉంది.

"ఏం పెట్టుకున్నావమ్మా కింద?"

చెయ్యి బయటికి తీసి చూపించింది. చూపుడువేలికి మొదటి రోజు నేను తెచ్చిన స్టీలు టోపీ. కుడిచేతికి పనికిరాదని మేం పక్కన పడేసింది.

"సూది తగిల్తే మోగుతాది చూడు. మోగంగానే పైకి తిప్పుతున్నా."

కూర్చుని చూశాను. మొన నాలుగు పొరలూ దాటి స్టీలుకి తగిలినప్పుడు 'టిక్' అంటుంది. ఆ చప్పుడుకి అమ్మ వేలు పైకి లేస్తుంది. మొన ఆ గుంటల మీంచి తిరిగి పైకొస్తుంది. వేలు చెప్పాల్సిన కబురు చెవి చెబుతోంది. ఫ్యాను ఆపేసి మరీ కుడుతోంది. కుట్టు బారు సరిపోయింది.

నేను ఐదు రకాలూ కొన్నది వేలిని కాపాడ్డానికి. మందంగా, మెత్తగా, సూది దిగకుండా ఉంటే చాలనుకున్నాను. అమ్మకి కావాల్సింది అది కాదు. ఏం జరుగుతోందో తనకి తెలియాలి. తోలు కాపాడింది గానీ ఏమీ చెప్పలేదు. స్టీలు రెండూ చేసింది. వేలికి మామూలుగా స్పర్శ ఉన్నవాళ్ళకి మంచి అంగుస్తానా అంటే పెట్టుకున్న సంగతి మర్చిపోయేది. అమ్మలాంటి వాళ్ళకి మర్చిపోనివ్వనిది కావాలి.

తర్వాతి చెకప్‌కి రెండూ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించింది. ఆయన తిప్పి తిప్పి చూశారు. మానేస్తే మంచిదన్న మాట వెనక్కి తీసుకోలేదు. "మానలేనంటే ఇలాగైనా చెయ్యమ్మా. కానీ రోజూ రాత్రి పాదాలు చూసుకున్నట్టే వేళ్ళూ చూసుకోవాలి. చిన్న గాటు కనిపించినా ఆ రోజు నుంచి సూది బంద్," అన్నారు. అమ్మ ఈసారి కూడా తలూపింది. ఇద్దరి మధ్యా ఏదో ఒప్పందం కుదిరినట్టే ఉంది.

*

ఉగాది వెళ్ళాక చెల్లికి పాప పుట్టింది. అప్పటికి ఐదు బొంతలయ్యాయి.

చుక్కలున్న మూడో బొంతని నేను హైదరాబాద్ తీసుకెళ్ళి దాచుకుంటానన్నాను. అడిగినప్పుడు నాకది మంచి ఆలోచనలాగే అనిపించింది. అమ్మ అర్థంకానట్టు చూసి, "ఎందుకురా? పిల్లకి పనికొచ్చేదాన్ని," అంది. అప్పుడు ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథ గుర్తొచ్చింది. పట్నం చదువు చదివిన పెద్దకూతురు ఇంటికొచ్చి, అమ్మమ్మల కాలం నాటి క్విల్ట్‌లు తనకి కావాలంటుంది, గోడకి వేలాడదియ్యడానికి. చెల్లెలికిస్తే రోజూ వాడి చింపేస్తుందని ఆమె భయం. తల్లి వాటిని లాక్కుని చెల్లెలికే ఇస్తుంది. ఆ కథ మీద నేను ఒకప్పుడు పెద్ద వ్యాసమే రాశాను, పెద్దకూతుర్ని బాగా ఎగతాళి చేస్తూ. దసరా ఫొటో పెట్టిన రోజు ఆ వ్యాసం నాకు గుర్తు రాలేదు.

మూడో బొంతని అమ్మ చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టి ఉతికింది. కొత్త చుక్కలు పోయాయి. పాతవి లేతగా మిగిలాయి. ఇప్పుడది పాప కింద ఉంటుంది, రోజుకి రెండుసార్లు తడుస్తుంది, ఉతుకుతారు, మిద్దె మీద ఆరేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ఫొటో తీసెయ్యలేదు. కింద నేను రాసిన నాలుగు వాక్యాలు మాత్రం తీసేశాను.

సాయంత్రాలు నేను ఫోన్ చేసేసరికి అమ్మ కుడుతూనే ఉంటుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన పెట్టుకుంటుంది. మాటల మధ్యలో 'టిక్' వినిపిస్తూ ఉంటుంది. పాప గురించి చెప్తుంది, శ్రీశైలం బస్సుల రద్దీ గురించి చెప్తుంది, ఎవరింట్లోంచి చీరల మూటొచ్చిందో చెప్తుంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది.

"దారం అయిపోయిందా?"

"అయింది. చూసుకుంటున్నా ఉండు." కాసేపు నిశ్శబ్దం. తర్వాత చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు చెప్తుంది. "ఎడమ చూపుడువేలు, ఏం లేదు. మధ్యవేలు, ఏం లేదు. కుడిది, కొంచెం ఎర్రగుంది... ఆఁ, పోయిందిలే."

ఫోనవతల కొత్తదారం తడిపి సూదిలోకి ఎక్కించేదాకా నేను లైన్లోనే ఉంటాను.